చెప్పుల కాపలా

స్విమ్మింగ్ పూల్లో ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదుల దగ్గర తాళాలు ఇచ్చే మనిషిని అందరూ తాళాలక్క అనే పిలుస్తారు. మెడలో తాళాల గుత్తి, భుజాన తుడిచే గుడ్డ, చేతిలో పొడుగు కర్రకు కట్టిన రబ్బరు పట్టీ. తడి నేల మీద ఎవరూ జారి పడకుండా నీళ్ళు లాగుతూ పొద్దస్తమానం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్ళతో సముద్ర తీరానికి బయల్దేరే ముందురోజు సాయంత్రం, ఆడవాళ్ళ వేళ ముగిసి చివరి మనిషి కూడా జుట్టు పిండుకుని వెళ్ళిపోయాక, తాళాలక్క గుత్తి తీసి మేకుకు తగిలించింది. మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా ఉన్న నల్లటి ఈత డ్రెస్సులో నీళ్ళలోకి దిగింది. ఈ గోడ తాకి ఆ గోడకు, ఆ గోడ తాకి ఈ గోడకు ఆగకుండా ఈదింది. ఒడ్డున బెంచీ మీద కూర్చున్న ఈత మేడమ్ విజిల్ తిప్పుకుంటూ చూసింది.

"కాళ్ళు బాగా ఆడుతున్నాయక్కా. కానీ సముద్రం మన పూల్ లాగా బుద్ధిగా పడుండదు. చెప్పింది గుర్తుందా?"

"ఈతకని పాతిన రెండు జెండాల మధ్యే దిగాలి. లోపలికి పోకూడదు, ఒడ్డు వెంటే ఈదాలి. పెద్ద కెరటం వస్తే ఎదురు నిలబడకుండా దాని కింద నుంచి దూరిపోవాలి." తాళాలక్క బళ్ళో పిల్లలా అప్పజెప్పింది.

"అలసట వస్తే?"

"వెల్లకిలా తేలాలి. చెయ్యెత్తాలి."

"మరి ఇంట్లో చెప్పావా?"

తాళాలక్క మెట్టు మీద కూర్చుని జుట్టు పిండుకుంటూ నవ్వింది. "మా ఇంట్లో నేనేం చెప్పినా ముందు ఓ నవ్వు నవ్వి ఆ తర్వాతే వింటారు మేడమ్. నాకు నీళ్ళంటే భయమని వాళ్ళ లెక్క. పెళ్ళైన కొత్తలో పడవెక్కనన్నానని ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పుకుంటారు. అందుకే చెప్పను. చూపిస్తాను."

ఆ డ్రెస్సు మేడమ్ ఇచ్చిందే. తాళాలక్క దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, రాత్రి ఆరేసి, తెల్లారగానే బట్టల లోపల తొడుక్కుంది. ఎప్పుడు ఎక్కడ అవకాశం వస్తుందో ఎవరికి తెలుసు, వచ్చినప్పుడు మాత్రం చాటు వెతుక్కుంటూ కూర్చోకూడదు అనుకుంది. ఎండాకాలం. బయల్దేరకముందే ఒళ్ళంతా చెమట.

తాళాలక్క మొగుడు బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి ఊరందరినీ తిప్పాడు గానీ ఇంట్లోవాళ్ళను సరదాగా ఎక్కడికీ తిప్పింది లేదు. కూతురు కాలేజీ చదువు పూర్తయిన సందర్భంగా ఎట్టకేలకు సెలవు పెట్టి, మెకానిక్ స్నేహితుడి వ్యాను అడిగి తెచ్చాడు. మూడు వరసల వ్యాను. ముందు వరసలో డ్రైవరు, పక్కన వాళ్ళమ్మ. మధ్య వరసలో చెవుల్లో పాటలు పెట్టుకుని కూతురు. వెనక వరసలో దుప్పట్ల మూట, నీళ్ళ డబ్బా, బ్రెడ్డూ పళ్ళూ ఉన్న సంచీ, వాటి మధ్య ఇరుక్కుని తాళాలక్క. ఎవరికి ఏది కావాలన్నా వెనక నుంచి అందించాలి కదా.

"అందరూ ఎక్కారా?" డ్రైవరు ముందుకే చూస్తూ అడిగాడు.

"రైట్ రైట్!" అంది వాళ్ళమ్మ, వ్యాను తలుపు మీద అరచేత్తో చరుస్తూ. కొడుకు బస్సులో కండక్టరు పక్క సీట్లో కూర్చుని ఊరేగిన రోజుల నుంచీ ఆ మాటంటే ఆమెకు మహా సరదా. ఆ మాట చెవిన పడితే కొడుకు కాలు తనంతట తనే క్లచ్చి వదిలేస్తుంది. ఎవరెక్కారు, ఎవరు దిగారు అన్నది వెనక ఉన్నవాళ్ళు చూసుకోవాలి. డ్రైవరు రోడ్డు చూడాలి. అది అతని ఉద్యోగధర్మం.

రోడ్డు కొండను ఒరుసుకుంటూ పోతోంది. ఒకవైపు ఎర్రటి రాయి, రెండోవైపు కిందంతా సముద్రం. మలుపు తిరిగినప్పుడల్లా నీళ్ళు ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చి మళ్ళీ చాటుకు పోతున్నాయి. ముందు సీట్లో అత్తగారు "అబ్బ, అబ్బ" అంటూనే ఉంది. వెనక వరసకున్న చిన్న అద్దంలోంచి తాళాలక్కకు దక్కింది మాత్రం ఓ ముక్క నీలం. దుప్పట్ల మూటను మోచేత్తో నొక్కిపెట్టి, మెడ సాచి, ఆ ముక్కనే కళ్ళార్పకుండా చూసింది.

డ్రైవరు వ్యానును బస్సులాగే నడిపాడు. రోడ్డు పక్కన ఎవరైనా చేతి సంచీతో నిలబడి ఉంటే చాలు, వేగం తగ్గిపోయేది. "నాన్నా, వాళ్ళు మనకోసం కాదు!" అని కూతురు అరిస్తే నాలుక్కరుచుకుని మళ్ళీ గేరు మార్చేవాడు. ఆగిన ప్రతిచోటా దిగీ దిగకముందే వాచీ చూసి "పది నిమిషాలు!" అనేవాడు.

మొదటి బీచ్ దగ్గర అందరూ గబగబా దిగారు. తాళాలక్క కూడా దిగి, "నేనూ నీళ్ళలోకి వస్తాను," అంది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నవ్వు రానే వచ్చింది.

"నువ్వా?" అన్నాడు డ్రైవరు. "ఎందుకే నీకా అవస్థ. కెరటం చూస్తే కళ్ళు తిరిగి పడతావు. ఇదిగో, ఈ చెప్పులు చూస్తుండు."

వాచీ, పర్సు, ఫోన్లు, అత్తగారి కళ్ళజోడు, అన్నీ ఆమె ఒళ్ళోకి చేరాయి. చెప్పులు కాళ్ళ దగ్గర. ముగ్గురూ చేతులు పట్టుకుని మోకాళ్ళ లోతులో నిలబడి, కెరటం వచ్చినప్పుడల్లా కెవ్వున అరుస్తూ ఎగిరారు. ఆమె లోపల నల్ల డ్రెస్సు ఒంటికి అతుక్కుని చిరచిరలాడుతోంది. మోకాళ్ళ లోతుకే ఇంత సంబరమా అనుకుంది గానీ ఆ సంబరంలో తను లేనందుకు చెప్పుల్లోని ఇసుకను విసురుగా దులిపింది. అంతలో పది నిమిషాలూ అయిపోయాయి.

రెండోరోజు లైటుహౌసు కింద బీచ్‌లో ఆమె అడగలేదు. చెప్పుల్ని ఓ రాయి చాటున సర్ది, పర్సునూ ఫోన్లనూ కొంగున ముడేసుకుని, నేరుగా నీళ్ళ వైపు నడిచింది. తడి ఇసుక కాళ్ళ కింద చల్లగా కుంగింది. మొదటి నురుగు వేళ్ళను తాకిందో లేదో వెనక నుంచి అత్తగారి కేక.

"ఏమ్మాయ్, నా కళ్ళజోడేదీ? చెప్పులన్నీ అలా గాలికొదిలేసి పోతున్నావేం? కుక్కలెత్తుకుపోతే ఉత్తికాళ్ళతో ఊరేగాలా?"

నిజంగానే ఓ కుక్క అత్తగారి మెత్తటి రబ్బరు చెప్పును వాసన చూస్తోంది. తాళాలక్క వెనక్కి వచ్చింది. కుక్కను తోలింది. ఆ కుక్క మీద కాదు గానీ లోకం మొత్తం మీద కోపం వచ్చింది. ఆ రాత్రి బస చేసిన గదిలో నల్ల డ్రెస్సు ఉతికి, ఎవరూ చూడకుండా కిటికీ ఊచకు ఆరేస్తూ గట్టిగా అనుకుంది: రేపే ఆఖరు. రేపు మధ్యాహ్నం దాటితే రోడ్డు సముద్రాన్ని వదిలేసి ఊళ్ళ వైపు మళ్ళుతుంది. రేపు ఎవరేమన్నా సరే, దిగి తీరాలి.

మూడోరోజు ఆగిన చోటు అన్నిటికన్నా బాగుంది. రెండు పక్కలా రాళ్ళు చేతులు చాపినట్టు సముద్రంలోకి పోయి పెద్ద కెరటాలను అక్కడే ఆపేస్తున్నాయి. మధ్యలో నీళ్ళు మెల్లగా ఊగుతున్నాయి. ఎరుపూ పసుపూ కలిసిన జెండాలు ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. ఎత్తు కుర్చీలో గొడుగు కింద లైఫ్‌గార్డు. తాళాలక్కకు ప్రాణం లేచి వచ్చింది. మేడమ్ చెప్పిన చోటు అచ్చం ఇదే.

"ఇవాళ నేను దిగుతున్నాను," అంది, అడుగుతున్నట్టు కాకుండా.

"సరేలే, సరేలే," అన్నాడు డ్రైవరు అప్పటికే చెప్పులు విడుస్తూ. "మేం వచ్చాక దిగుదువుగాని."

మాటంటే మాటే కదా అని ఆమె కూర్చుంది. వాళ్ళు వచ్చారు. ఒళ్ళు తుడుచుకున్నారు. ఫోన్లూ వాచీలూ తీసుకున్నారు. ఆమె లేచి నిలబడగానే డ్రైవరు వాచీ చూశాడు.

"అయ్యో, టైమైపోయిందే! సాయంత్రానికి బండి అప్పజెప్పాలి. ఈసారికి పోనీలే, వచ్చేసారి దిగుదువుగాని."

"వచ్చేసారి ఎప్పుడండీ?"

"వస్తాంలేవే, సముద్రం ఎక్కడికి పోతుంది? ఇదిగో, చెప్పుల నిండా ఇసుకే. బండిలో ఇసుక రేణువు కనబడితే మెకానిక్కు నా తోలు తీస్తాడు. ఆ కుళాయి దగ్గర శుభ్రంగా కడిగి పట్రా. మేం కాళ్ళు తుడుచుకుని ఎక్కుతూ ఉంటాం."

కుళాయి బాత్‌రూముల గోడ వెనకాల ఉంది. తాళాలక్క అందరి చెప్పులూ చేతులకు తగిలించుకుని అక్కడికి పోయి గొంతుక్కూర్చుంది. డ్రైవరు తోలు చెప్పుల పట్టీల్లో, కూతురి ఎత్తుమడమల చెప్పుల సందుల్లో, అత్తగారి రబ్బరు చెప్పుల గుంటల్లో ఇసుక కూరుకుపోయింది. బొటనవేలితో నొక్కి నొక్కి తీసింది. ఎవరి నడక ఎటు వాలుతుందో అరిగిన మడమలు చూస్తే ఆమెకు తెలుసు. తీస్తున్నకొద్దీ అరికాలి మంట నెత్తికెక్కింది. వచ్చేసారట! తన చెప్పులు కూడా కడిగి, నీళ్ళు దులిపి లేచి నిలబడింది. ఈ చెప్పులు తీసుకెళ్ళి వాళ్ళ ముందు పడేస్తాను. నేను దిగి వస్తాను, ఉంటే ఉండండి, పోతే పొండి అని మొహం మీదే చెప్పేస్తాను. ఆ మాటల్ని పెదాల మీద ఒకసారి పలికి చూసుకుని మరీ గోడ దాటి వచ్చింది.

వ్యాను లేదు.

అది ఉన్న చోట ఇంకెవరిదో కారు వెనక్కి వెనక్కి వచ్చి ఆగుతోంది. దూరంగా కొండ మలుపులో తెల్లటి వ్యాను కుడివైపు దీపం ఆర్పుతూ వెలిగిస్తూ, చాలా పద్ధతిగా, తిరిగిపోయింది. తాళాలక్క చెప్పులు గుండెకు హత్తుకుని రోడ్డెక్కి పరుగెత్తింది. "ఏవండీ! ఆగండి!" అని అరిచింది. వెనక వరసలో దుప్పట్ల మూట ఉంది. అది ఉంటే తనున్నట్టే. ఎవరూ వెనక్కి తిరిగి చూసి ఉండరు. అత్తగారు తలుపు మీద చరిచి ఉంటుంది, రైట్ రైట్.

రోడ్డు మధ్యలో నిలబడే కాసేపు ఏడ్చింది. ఎవరో హారన్ కొడితే పక్కకు జరిగింది.

తర్వాత ఇసుకలోకి దిగి లైఫ్‌గార్డు కుర్చీ దగ్గరికి నడిచింది. "బాబూ, ఒక్కసారి ఫోన్ చేసి పెడతావా? మావాళ్ళు నన్ను మర్చిపోయి వెళ్ళిపోయారు," అంది. ఆ మాట పైకి అనేసరికి తన చెవులకే సిగ్గనిపించింది.

అతను నవ్వలేదు. నంబరు అడిగి చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. అంతే.

"ఎత్తడం లేదమ్మా."

"ఎత్తరు. స్టీరింగు పట్టుకుంటే ఫోన్ ముట్టుకోరు. రూలంటే రూలే." తన ఫోన్ వ్యానులో సంచీ అడుగున ఉంది. కూతురి నంబరు తనకు నోటికి రాదు.

"భయపడకండమ్మా, తెలిసిపోతుంది. వెనక్కి వచ్చేస్తారు. ఇక్కడ నీడలో కూర్చోండి."

తాళాలక్క ఆ నీడ వైపు చూసింది. నీళ్ళ వైపు చూసింది. రెండు జెండాల మధ్య సముద్రం ఊయలలా ఊగుతోంది. ఏ పని చెయ్యాలో, ఎవరికి ఏమందించాలో చెప్పేవాళ్ళు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కరూ లేరు. ఇందాక పెదాల మీద పలికి పెట్టుకున్న మాటలు గుర్తొచ్చాయి. చెప్పాల్సిన అవసరమే లేకుండా పోయింది.

"ఇక్కడ లోతెంత బాబూ?"

"ఆటుపోటు తక్కువగా ఉంది. మధ్యలో మీ గొంతు దాకా ఉంటుంది. రాళ్ళ వైపు పోకూడదు. ఈత వచ్చా?"

"వచ్చు," అంది తాళాలక్క. మేడమ్ కాకుండా ఇంకో మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

అందరి చెప్పులూ పొడి ఇసుకలో వరసగా పెట్టింది. ఎవరి జత వారిదిగా, ముక్కులు సముద్రం వైపు. పైబట్టలు విప్పి మడతపెట్టి తన చెప్పుల పక్కన ఉంచింది. మూడు రోజులుగా బట్టల కింద మగ్గిన నల్ల డ్రెస్సుకు గాలి తగిలింది. జుట్టు బిగించి ముడేసుకుని, మెల్లగా నడుచుకుంటూ మోకాళ్ళు, నడుము, ఛాతీ దాకా దిగింది. పూల్లో నీళ్ళకు మందు వాసన. ఈ నీళ్ళు పెదాల మీద ఉప్పగా, గడుసుగా ఉన్నాయి. మొదటి కెరటం మొహం మీద కొట్టి ముక్కులోకి పోయింది. దగ్గింది. రెండోదాని కింద నుంచి దూరిపోయింది. అవతల తల పైకెత్తేసరికి ఆకాశం తప్ప ఇంకేమీ లేదు.

చేతులు ముందుకు చాపి ఈ జెండా నుంచి ఆ జెండా వైపు ఈదింది. నీళ్ళు కింద నుంచి ఎత్తుతున్నాయి, దించుతున్నాయి. మొదట ఊపిరి తప్పింది. మళ్ళీ కుదిరింది. ఆ చివర జెండా దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, వెల్లకిలా పడుకుని తేలింది. ఏడుపు లాంటిదీ నవ్వు లాంటిదీ ఏదో ఒకటి వచ్చింది. ఎవరూ చూడ్డం లేదు కదా అని రానిచ్చింది. చూపిద్దామనే ఇన్నాళ్ళూ అనుకుంది గానీ, చూసేవాళ్ళు లేకపోయినా ఆనందం అంతే ఉందని అప్పుడే తెలిసింది.

రెండోసారి సగం దూరం వచ్చేసరికి రోడ్డు మీద తెల్లటి వ్యాను కనబడింది. అది అడ్డదిడ్డంగా, ఇంకో రెండు కార్లకు దారి లేకుండా ఆగింది. అలా ఆపడం డ్రైవరు జన్మలో ఎరగడు. ముగ్గురూ దూకారు. ఇసుక పెనంలా కాలుతోంది. ఉత్తికాళ్ళతో ఎగురుకుంటూ పరుగెత్తారు. వరసగా పెట్టిన చెప్పుల దగ్గరికి వచ్చి, మడతపెట్టిన బట్టలు చూసి, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

అత్తగారు తల బాదుకుంటూ కూలబడింది. "అయ్యో, అయ్యో, నా తల్లి! ఎంత పని చేశావే!"

లైఫ్‌గార్డు కుర్చీలోంచి ఏదో చెబుతున్నాడు గానీ వినేదెవరు? తాళాలక్క చెయ్యెత్తి ఊపింది. కూతురే ముందు చూసింది.

"నాన్నా! అదిగో! అమ్మ!"

డ్రైవరు ప్యాంటుతోనే నీళ్ళలోకి దూకాడు. నడుము లోతు దాటగానే కెరటం తోస్తే తడబడి మునిగి లేచాడు. "భయపడకు! నేనున్నా! అలాగే పట్టుకో! భయపడకు!" అని అరుస్తున్నాడు. ఏది పట్టుకోవాలో అతనికే తెలీదు. అతనికి ఈత రాదు.

తాళాలక్క అతని దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, మోచెయ్యి పట్టుకుని నిలబెట్టింది. "నాకేం భయం లేదండీ. మీరే జాగ్రత్త."

అతను ఆమె చేతుల్ని, నల్ల డ్రెస్సుని, తడి మొహాన్ని కొత్తగా చూశాడు. "నీకు... ఇది... ఎప్పుడు నేర్చుకున్నావే?"

"రోజూ నేను పనికి పోయేది ఎక్కడికనుకుంటున్నారు?"

స్విమ్మింగ్ పూల్లో పనిచేసే మనిషికి ఈత వచ్చి ఉంటుందేమోనని ఇన్నేళ్ళలో డ్రైవరుకు ఒక్కసారైనా తట్టలేదు. అది అతని మొహంలో కనబడింది.

అప్పటికి కూతురు కూడా నీళ్ళలోకి వచ్చేసి తల్లిని పట్టుకుని వెక్కుతోంది. "టీ తాగుదామని ఆపామమ్మా. నానమ్మ దిగబోతూ చెప్పులేవీ అంది. అందరం సీట్ల కింద వెతికాం. చెప్పులు కనబడకపోతే... అప్పుడు నిన్ను పిలిచాం. దుప్పట్లు తీసి చూస్తే నువ్వు లేవు."

"ముందు గుర్తొచ్చింది చెప్పులన్నమాట," అంది తాళాలక్క.

ఆ మాటలో కోపం లేదు. అందుకే కాబోలు ఇద్దరూ తలలు దించుకున్నారు. డ్రైవరు అలవాటు కొద్దీ మణికట్టు తిప్పి వాచీ చూడబోయాడు. సగంలో చెయ్యి ఆపేసి నీళ్ళలోకి దించేశాడు.

"నేనింకా ఈదాలి," అంది ఆమె. "మీరెళ్ళి చెప్పులు చూస్తుండండి. కుక్కలున్నాయి."

తడి ప్యాంటు కాళ్ళకు అడ్డుపడుతుంటే అతను ఒడ్డుకు నడిచాడు. కాళ్ళు కాల్చుకుని కూర్చున్న తల్లికి రబ్బరు చెప్పులు తీసి తొడిగాడు. ఆమె ముక్కు చీది, కళ్ళజోడు సర్దుకుని, "అది మన పిల్లేనా?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. డ్రైవరు మిగతా చెప్పుల పక్కన ఇసుకలో చతికిలబడ్డాడు. కెరటం కాస్త పైదాకా వచ్చి చెప్పుల్ని తాకబోతే, అన్నిటికన్నా ముందు భార్య చెప్పుల జత తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రోడ్డు మీద హారన్లు మొదలయ్యాయి. వ్యాను అడ్డంగా ఉంది. ఎవరో కారు దిగి, గట్టు మీద నిలబడి కేకలేస్తున్నాడు. "ఎవరిదయ్యా ఈ బండి? తీస్తావా, తియ్యవా? ఎంతసేపు?"

తాళాలక్క ఆ చివర జెండా దగ్గర ఆగి, నీళ్ళలో తేలుతూ ఒడ్డుకేసి చూసింది. హారన్ వినబడితే నిద్రలోంచైనా లేచే మనిషి అతను. ఒక్క ప్యాసింజరును కూడా ఎదురుచూడనివ్వని మనిషి. ఇప్పుడు లేచి పరుగెత్తుతాడు అనుకుంది. చూస్తూనే ఉంది.

డ్రైవరు కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. ఒళ్ళో చెప్పులు పడిపోకుండా ఓ చేత్తో పట్టుకుని, మెడ మాత్రం పూర్తిగా వెనక్కి తిప్పి, రోడ్డు మీదికి వినబడేలా గొంతెత్తి అరిచాడు.

"ఆగవయ్యా! మా ఆవిడింకా ఎక్కలేదు!"